ఈవెంట్స్ తేదీకి నాకు ఏడో నెల. పోలీసు ఉద్యోగం వదులుకోవాల్సిందేనా?

అడిగినవారు: తెల్లవారుజాము పరుగు

అందరికీ నమస్కారం. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిలిమ్స్ పాసయ్యాను. తర్వాత ఈవెంట్స్, అంటే పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు. నిన్న అడ్మిట్ కార్డు వచ్చింది. గ్రౌండ్‌కి రమ్మన్న రోజుకి నాకు ఏడో నెల నడుస్తుంటుంది.

ఏ విభాగం, ఏ బోర్డు అన్నది ఇక్కడ రాయను. ఇంకా వాళ్ల చేతిలోనే ఉన్నాను కాబట్టి.

నోటిఫికేషన్ వచ్చేనాటికి నాకు పెళ్లయి నాలుగు నెలలు. ఆరు నెలల్లో మొత్తం అయిపోతుందని అందరూ అన్నారు. పరీక్ష అయ్యాక ప్రశ్నల మీద కేసు పడింది. జవాబుల కీ మారింది. ఫలితాలు ఆగాయి. మళ్లీ వచ్చాయి. అలా ఏడాదిన్నర గడిచింది. ఈ ఏడాదిన్నరలో ముందు చెప్పిన తేదీకి జరిగింది ఒక్కటీ లేదు.

ఈలోగా నేను ఊరికే కూర్చోలేదు. రోజూ నాలుగున్నరకి లేచి గ్రౌండ్‌కి వెళ్లేదాన్ని. మొదట్లో 800 మీటర్లకి 4 నిమిషాల 40 సెకన్లు పట్టేది. దాన్ని 3 నిమిషాల 20 సెకన్లకి తెచ్చాను. ఆ 80 సెకన్లు తగ్గడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. మా ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని చీకట్లో గీత దగ్గర నిలబడేవారు. ఫలితాలు ఎప్పుడొస్తాయో తెలియని రోజుల్లో కూడా ఒక్క పూట మానలేదు. కడుపుతో ఉన్నానని తెలిశాక డాక్టరమ్మ పరుగు ఆపేసి నడవమన్నారు. ఆపేశాను.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, "అలాంటి ప్రొవిజన్ లేదు. ఆ రోజు రాకపోతే ఆబ్సెంట్" అని పెట్టేశారు. ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన నన్నూ నా పొట్టనీ చూసి, "ఈ టైమ్‌లో ఎందుకు ప్లాన్ చేసుకున్నావమ్మా? వచ్చే నోటిఫికేషన్ చూసుకోరాదా?" అన్నారు. వచ్చే నోటిఫికేషన్ నాటికి నా వయసు దాటిపోతుంది. ఆ మాట చెబితే, "దానికి మేమేం చేస్తాం" అన్నారు. మెట్ల మీద కాసేపు కూర్చుని, కళ్లు తుడుచుకుని బస్సెక్కాను.

తన తేదీ ఏదో బోర్డే ముందుగా చెప్పలేకపోయింది. నా బిడ్డ పుట్టే తేదీని నేను దానికి ఎలా సరిపెట్టాలి?

పరుగు నుంచి మినహాయింపు అడగడం లేదు. కాన్పు అయ్యాక ఇంకో తేదీ ఇవ్వండి, అదే దూరం, అదే టైమ్, పరిగెత్తి చూపిస్తాను అంటున్నాను. ఇలా ఎవరికైనా ఇచ్చారా? కోర్టుకి వెళ్లాలా? వెళ్తే బోర్డు నా మీద కక్ష కడుతుందా?

ఇంకో మాట. మెడికల్ ఫారంలో ఆడవాళ్లకి విడిగా ఒక పేజీ ఉంది. చివరి బహిష్టు తేదీ, నెలసరి సక్రమంగా వస్తుందా లేదా, ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భస్రావాలు. ఇదంతా రాసి సంతకం పెట్టాలి. నాతో చదివిన అబ్బాయిల ఫారం చూశాను. వాళ్లకి ఇలాంటి పేజీ లేదు. ఇది అడగొచ్చా?

జవాబు 1: ఖాకీ అక్క

చెల్లీ, ముందు ఒక మాట. ఎవరెంత చెప్పినా ఆ రోజు పరిగెత్తాలనే ఆలోచన మాత్రం పెట్టుకోకు. నీ పోస్టులో ఆ మాట లేదు, కానీ నీ మనసులో ఎక్కడో ఉండే ఉంటుంది. నాకు తెలుసు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఉద్యోగంలో ఉన్నాను, ఇప్పుడు హెడ్ కానిస్టేబుల్‌ని. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మూడో నెలతో ఎవరికీ చెప్పకుండా పరిగెత్తింది. చెబితే పక్కన పెడతారని భయం. పాసయింది. రెండు వారాలకే కడుపు పోయింది. పరుగు వల్లే పోయిందని ఏ డాక్టరూ చెప్పలేదు. ఆమె మాత్రం ఈరోజుకీ అలాగే అనుకుంటుంది. యూనిఫాం వేసుకున్న ప్రతిసారీ అదే గుర్తొస్తుందని నాతో ఒకసారి నైట్ డ్యూటీలో చెప్పింది.

మా రోజుల్లో ఇవేవీ పైకి అడిగేవాళ్లం కాదు. ట్రైనింగ్ పూర్తయ్యేదాకా గర్భం దాల్చనని నా చేత రాయించుకున్నారు. రాసిచ్చాను. కొలతల దగ్గర టేపు పట్టుకున్నది మగవాళ్లే. వరుసలో నిలబడి చేతులు పైకెత్తమంటే ఎత్తాను. ఇంటికెళ్లి అమ్మకి కూడా చెప్పుకోలేదు. నువ్వు ఆ ఫారం గురించి నలుగురిలో అడిగావు చూడు, నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇప్పుడు అసలు పని. హెల్ప్‌లైన్ మాట పట్టుకుని ఇంట్లో కూర్చోకు. ఆ రోజు గ్రౌండ్‌కి వెళ్లు. అడ్మిట్ కార్డు, స్కానింగ్ రిపోర్టు, కాన్పు తేదీ రాసిన డాక్టర్ సర్టిఫికెట్, తేదీ మార్చమని అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లు. గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టు. అర్జీ ఇన్‌చార్జ్ ఆఫీసర్ చేతికిచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, స్టాంపు అడుగు. ఇవ్వనంటే ఎండలో నిలబడి గొడవ పడకు, ఆ రోజే రిజిస్టర్డ్ పోస్టులో పంపు. మన డిపార్ట్‌మెంట్‌లో కాగితానికి ఉన్న విలువ కన్నీళ్లకి ఉండదు. రాలేదు అని రాస్తే ఒక కథ. వచ్చింది, అడిగింది అని రాస్తే ఇంకో కథ.

ఒక్కదానివే వెళ్లకు. నీళ్లు తీసుకెళ్లు. గ్రౌండ్‌లో ఆడవాళ్లకి బాత్రూమ్ ఎక్కడుందో ముందే కనుక్కో, నీకు ఇప్పుడు అది చాలా అవసరం. బందోబస్తులో నిండు నెలల వరకు నిలబడినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

జవాబు 2: గ్రౌండ్ బ్యాచ్ 7

మేడమ్, మీ పరిస్థితికి బాధగానే ఉంది. కానీ నా మాట కూడా వినండి. కిందటి నోటిఫికేషన్‌లో ఈవెంట్స్‌కి పది రోజుల ముందు నాకు చీలమండ విరిగింది. ఎక్స్‌రే తీసుకుని తిరిగాను. నాకెవరూ తేదీ మార్చలేదు. మూడేళ్లు పోయాయి. రూలు అందరికీ ఒకటే అన్నారు, ఒప్పుకున్నాను. ఇప్పుడు మీకు మారిస్తే నాలాంటి వాళ్లకి అన్యాయం కాదా? ఇలా ఒక్కొక్కరికీ ఆగుతూ పోతే మెరిట్ లిస్టు ఎప్పుడొస్తుంది? ఎదురుచూసే వేలమంది ఇళ్లల్లో కూడా కష్టాలున్నాయి.

తెల్లవారుజాము పరుగు:

అన్నా, మీ కాలు గురించి చదివి నిజంగా బాధపడ్డాను. ఎక్స్‌రే పట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. మీకు ఇంకో తేదీ ఇచ్చి ఉంటే నేను అడ్డుపడేదాన్ని కాదు.

కానీ ఒకటి చూడండి. చీలమండ మీకూ విరగొచ్చు, నాకూ విరగొచ్చు. కడుపు నాకే వస్తుంది. మా కోచింగ్‌లో నాతోపాటు ప్రిలిమ్స్ పాసైన అబ్బాయిల్లో ముగ్గురికి ఈ ఏడాదిన్నరలోనే పిల్లలు పుట్టారు. ఒకతను భార్య ప్రసవమైన ఐదో రోజు మళ్లీ ప్రాక్టీసుకి వచ్చాడు. అందరం స్వీట్లు తిన్నాం. ఈ టైమ్‌లో ఎందుకు ప్లాన్ చేసుకున్నావని అతన్ని ఒక్కరూ అడగలేదు. అడగకూడదు కూడా. బిడ్డ ఇద్దరికీ పుట్టింది, అడ్మిట్ కార్డు ఇద్దరికీ వచ్చింది. పోయేది మాత్రం ఒకరి ఉద్యోగమే.

లిస్టు ఆపమని నేను అనలేదు. నా ఒక్క పోస్టు పక్కన పెట్టి మిగతావాళ్లది పూర్తి చేయమంటున్నాను.

జవాబు 3: నల్లకోటు

హైకోర్టులో సర్వీసు కేసులు చూసే న్యాయవాదిని. ఇలాంటివి చాలా వస్తాయి, చాలావరకు ఆలస్యంగా వస్తాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు చీలమండ రాసిన తమ్ముడికి. "రూలు అందరికీ ఒకటే" అనే వాదన కోర్టుల్లో ఎప్పుడో పలచబడింది. అమెరికాలో అలబామా రాష్ట్రం జైలు గార్డు ఉద్యోగానికి 5 అడుగుల 2 అంగుళాల ఎత్తు, 120 పౌండ్ల బరువు ఉండాలని పెట్టింది. ఆడా మగా అందరికీ అదే. లెక్క తీస్తే ఆ రెండింటి వల్ల స్త్రీలలో నూటికి 41 మంది పోతున్నారు, మగవాళ్లలో నూటికి ఒక్కరి కంటే తక్కువ. ఆ నిబంధన చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. గ్రీస్ పోలీసు స్కూలు ఇద్దరికీ 1.70 మీటర్లు పెట్టి, 1.68 మీటర్లున్న యువతిని వెనక్కి పంపింది. పోలీసు పని నిజంగా ఆ ఎత్తు మీదే ఆధారపడి ఉందా, దేహదారుఢ్యం వేరేలా పరీక్షించలేరా అని యూరోపియన్ యూనియన్ కోర్టు 2017లో నిలదీసింది. మన సుప్రీంకోర్టు కూడా 2021లో సైన్యంలోని మహిళా అధికారుల కేసులో, పైకి సమానంగా కనిపించే నిబంధన ఆచరణలో ఆడవాళ్లనే దెబ్బతీస్తే అదీ వివక్షేనని చెప్పింది. నితీశ కేసు అంటాం దాన్ని.

ఇక అమ్మా, మీ విషయానికి బాగా దగ్గరగా ఉన్నది ఢిల్లీ హైకోర్టు 2024 తీర్పు. రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికలో ఉన్న ఒక గర్భిణి, పరుగు, దూకే పరీక్షలు కొన్నాళ్లు వాయిదా వేయమని 2019లో అడిగింది. వేయలేదు. ఆమె ఐదేళ్లు కోర్టు చుట్టూ తిరిగింది. గర్భం జబ్బు కాదు, వైకల్యం కాదు, ఉద్యోగం నిరాకరించడానికి కారణం కాకూడదని చెప్పి, ఆమెకు పరీక్షలు పెట్టమని కోర్టు ఆదేశించింది. ఆమె అడిగిందీ మీరడిగిందే, ఇంకో తేదీ.

ప్రొవిజన్ లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కేంద్ర ఉద్యోగాల మెడికల్ నిబంధనల్లో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. పోలీసులాంటి కష్టమైన ట్రైనింగ్ ఉన్న పోస్టుల్లో అభ్యర్థి 12 వారాలు దాటిన గర్భిణి అయితే తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాసి, కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ పరీక్షించాలి. అప్పటిదాకా ఆమె ఖాళీని ఆమె కోసం అట్టిపెట్టాలి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్లకు గర్భిణుల దగ్గర అండర్‌టేకింగ్ (హామీ పత్రం) తీసుకుని, ఈవెంట్స్ తర్వాత చేసేలా మెయిన్స్, అంటే చివరి రాత పరీక్ష రాయనిచ్చారు. చేయాలనుకున్న చోట చేశారు. మీ అర్జీలో ఇవి రెండూ తప్పకుండా రాయండి.

ఫారం సంగతి. గర్భిణి అవునా కాదా అని పరుగు ముందు అడగడం వేరు, అది ఆమె రక్షణ కోసం కావచ్చు. ఎన్నిసార్లు గర్భం పోయింది, నెలసరి ఎప్పుడొచ్చింది అని అడగడం వేరు. సరిగ్గా ఇవే ప్రశ్నలు జీవిత బీమా సంస్థ ఫారంలో ఉండేవి. నీరా మాథుర్ అనే ఉద్యోగిని వాటికి సరిగా జవాబు రాయలేదని, ప్రసూతి సెలవు పెట్టాక ప్రొబేషన్‌లోనే తీసేశారు. సుప్రీంకోర్టు 1991లో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ గడులు ఫారం నుంచే తీసేయమంది. స్త్రీ ఆత్మగౌరవం ఆ వివరాలు బయటపెట్టనివ్వదని తీర్పులో రాసింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ గడులు ఇంకో ఫారంలో కనిపిస్తున్నాయంటే, అడిగినవాళ్లు తక్కువ కాబట్టే. 2022 జనవరిలో స్టేట్ బ్యాంకు మూడు నెలలు దాటిన గర్భిణులను తాత్కాలికంగా అన్‌ఫిట్ అనే నిబంధన తెచ్చినప్పుడు మాత్రం జనం గట్టిగా అడిగారు, ఢిల్లీ మహిళా కమిషన్ నోటీసు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

ఖాకీ అక్క గారూ, మీ టేపు సంగతి చదివి ఆగిపోయాను. 2023లో రాజస్థాన్ హైకోర్టు ముందుకు ఫారెస్ట్ గార్డు ఉద్యోగాల కేసు వచ్చింది. ఆడవాళ్ల ఊపిరితిత్తుల సామర్థ్యం తెలుసుకోవడానికి ఛాతీ కొలవడం అశాస్త్రీయం, గౌరవభంగం అని కోర్టు తప్పుపట్టి, వేరే పద్ధతి వెతకమని ప్రభుత్వానికి చెప్పింది. ఇండోనేషియాలో అంతకంటే ఘోరం జరిగింది. పోలీసులో చేరే అమ్మాయిలకు కన్యత్వ పరీక్ష చేస్తున్నారని 2014లో మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. ఆ పరీక్షకు శాస్త్రీయ విలువే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉద్యోగానికీ ఆ పరీక్షకూ ఏం సంబంధం? మీ చేత గర్భం దాల్చనని రాయించుకున్నదానికీ ఉద్యోగానికీ ఏం సంబంధం?

మీరు చేయాల్సింది, త్వరగా. అర్జీ పెట్టండి. గ్రౌండ్‌కి వెళ్లమన్న సలహా నూటికి నూరు పాళ్లు సరైనది. జవాబు కోసం నెలల తరబడి చూడొద్దు, ఫైనల్ లిస్టు రాకముందే హైకోర్టులో రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్ వేయండి. పోస్టులు నిండాక వస్తే "అప్పుడేం చేశావు?" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. మిగతావాళ్ల నియామకం ఆపమని అడగొద్దు. ఒక పోస్టు ఖాళీగా ఉంచమని, మెయిన్స్ రాయనివ్వమని మధ్యంతర ఉత్తర్వు అడగండి. డబ్బు గురించి భయపడొద్దు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీలో అడగండి. కక్ష అంటారా, ఎంపిక బోర్డుల మీద రోజూ రిట్లు పడుతూనే ఉంటాయి. మీ ప్రిలిమ్స్ ఫలితాలు ఆగింది కూడా అలాంటి కేసు వల్లే కదా.

గ్రౌండ్ బ్యాచ్ 7:

సర్, ఖాళీ అట్టిపెట్టే పద్ధతి ఉందని నాకు తెలియదు. చెల్లెలి పోస్టు పక్కన పెడితే మా లిస్టు ఆగదంటే నాకేం అభ్యంతరం లేదు. నా చీలమండకి ఎవరైనా ఇలా దారి చెప్పి ఉంటే బాగుండేది. చెల్లీ, మెయిన్స్‌కి అరిథ్‌మెటిక్ నోట్స్ కావాలంటే పంపిస్తాను.

తెల్లవారుజాము పరుగు (పన్నెండు రోజుల తర్వాత):

నిన్న గ్రౌండ్‌కి వెళ్లొచ్చాను. మా ఆయన, అత్తయ్య తోడొచ్చారు. గేటు దగ్గర సెంట్రీ మావాళ్లని బయటే ఆపేశారు. నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావమ్మా?" అన్నారు. నాకూ అడ్మిట్ కార్డు ఉంది అని చూపించాను.

లోపల ఆడపిల్లలంతా నంబర్ల చొక్కాలు వేసుకుని వరుసలో ఉన్నారు. నాకు తెలిసిన ముఖాలు నాలుగైదు ఉన్నాయి. నన్ను ముందుకి పంపించారు, ఒకమ్మాయి తన తువ్వాలు మడిచి మెట్టు మీద వేసి కూర్చోమంది. విజిల్ వినగానే నా కాళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. గీత నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. పరిగెత్తాలనిపించింది. ఖాకీ అక్కా, మీరన్న మాట నిజమే. మీరు ముందే చెప్పబట్టి లేవలేదు.

టేబుల్ దగ్గర ఒక మహిళా ఇన్‌స్పెక్టర్ ఉన్నారు. అర్జీ మొదటి నుంచి చివరి దాకా చదివారు. పై అధికారికి ఫోన్ చేశారు. అటువైపు ఏమన్నారో నాకు వినపడలేదు. "తేదీ మార్చే అధికారం నాకు లేదమ్మా" అన్నారు. స్టాంపు మాత్రం వేశారు. రిజిస్టర్‌లో నా నంబరు పక్కన అంతకుముందే ఎవరో 'ఆ' అని మొదలుపెట్టి ఉన్నారు. ఆవిడ దాన్ని కొట్టేసి, "హాజరు. గర్భిణి. పరుగు వాయిదాకు అర్జీ ఇచ్చారు" అని రాసి, కింద సంతకం పెట్టి, టైమ్ వేశారు. 6 గంటల 50 నిమిషాలు. ఆ కాగితానికి ఫోటో తీసుకోనిచ్చారు.

ఫారంలో ఆ నాలుగు గడులూ ఖాళీగా వదిలేశాను. పక్కన "గర్భిణిని, 29వ వారం" అని ఒక్కటే రాశాను.

నల్లకోటు గారూ, లీగల్ సర్వీసెస్ కమిటీలో దరఖాస్తు ఇచ్చాను, ఒక మేడమ్‌ని కేటాయించారు. సోమవారం రిట్ వేస్తామన్నారు. మీరు రాసిన ఢిల్లీ తీర్పు ఆవిడ దగ్గర అప్పటికే ఉంది. రిజిస్టర్ ఫోటో చూపించగానే, "ఇది ఎవరు చెప్పి చేయించారు?" అని అడిగారు. ఇద్దరు చెప్పారు, వాళ్లెవరో నాకు తెలియదు అన్నాను.

గ్రౌండ్ బ్యాచ్ 7 అన్నా, నోట్స్ పంపండి. పడుకునే ముందు రోజూ రెండు గంటలు చదువుతున్నాను. ఎక్కువసేపు కూర్చుంటే నడుము పట్టేస్తోంది, మధ్యలో లేచి నడుస్తున్నాను.